పుస్తకానికి ఎడిటర్ ఏడీ? తెలుగు ప్రచురణకర్తలకు కొందరు చదువరుల బహిరంగ లేఖ

తెలుగు ప్రచురణకర్తలకు, సంపాదకులకు, సొంత ఖర్చుతో పుస్తకాలు వేసుకునే రచయితలకు,

నమస్కారం.

డిసెంబరులో హైదరాబాద్ పుస్తక ప్రదర్శన, అది ముగిసీ ముగియకముందే జనవరిలో విజయవాడది. ఆ రెంటికీ అందించాలని నవంబరు నెలంతా ప్రెస్సుల్లో రాత్రిళ్లు దీపాలు ఆరవు. ఆ హడావిడిలో బయటికొచ్చిన పుస్తకాలనే మేము తర్వాత పది నెలలూ కూర్చుని చదువుతాం. చదివాక అనిపించింది అనిపించినట్టు మీ చెవిన వేసేవాళ్లు తక్కువ. ఆవిష్కరణ సభలో శాలువా కప్పించుకున్నవారు తప్పులెన్నరు. పత్రికలో సమీక్ష చాలాసార్లు ముందుమాటలోంచి ఎత్తి రాసిందే. అందుకని డబ్బు పెట్టి కొనుక్కున్న మేమే చెబుతున్నాం. ఈమధ్య వచ్చిన ఏ పుస్తకం పేరూ, ఏ సంస్థ పేరూ ఎత్తం. ఎవరిది వారికి తెలుస్తుంది.

మా ఫిర్యాదు ఒక్కటే. తెలుగులో రాసేవాళ్లకు కొదవ లేదు, వేసేవాళ్లకూ కొదవ లేదు. మధ్యలో ఉండాల్సిన ఎడిటర్ కనిపించడం లేదు. కంప్యూటర్లో అక్షరాలు కూర్చే డీటీపీ ఆపరేటర్, కవర్ ఆర్టిస్టు, బైండరు అందరూ ఉన్నారు. రాతప్రతిని మొదటి పేజీ నుంచి చివరి దాకా అనుమానంగా చదివే మనిషి మాత్రం లేడు. ఇక రాయబోయేదంతా ఆ లోటు పేజీలో ఎక్కడెక్కడ బయటపడుతోందో చెప్పడానికే.

ముందు మంచి మాట. ఇప్పటి తెలుగు కథ బాగుంది. హాస్టలు గదులు, గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన భర్తలు, బీడీ ఆకు కత్తిరించే చేతులు, అపార్టుమెంటు వాచ్‌మన్ కుటుంబం, డెలివరీ కుర్రాళ్లు, ఇదివరకు కథలోకి రాని చోట్లన్నీ వస్తున్నాయి. మొదటి పుస్తకం వేసినవాళ్లలోనే కొందరు రెండో పేరాకల్లా మనల్ని ఊళ్లో దింపేస్తున్నారు. చిక్కల్లా కథలను సంపుటిగా కూర్చడంలోనే. పదిహేను కథల్లో ఏడు గట్టివి, నాలుగు పర్వాలేదు, మిగతా నాలుగూ పుస్తకం లావుగా కనబడాలని చేర్చినవి. "ఈ నాలుగూ తీసేద్దాం" అనేవాడు లేక ఫారానికి పదహారు పేజీల లెక్కన ఏడు ఫారాల్లో, అంటే 112 పేజీల్లో, నిండుగా నిలబడే పుస్తకం పదకొండు ఫారాలకు సాగి పలచబడుతోంది. పైగా ఏ కథ ఎప్పుడు, ఏ పత్రికలో మొదట వచ్చిందో చాలా సంపుటాల్లో ఉండదు. 2008 నాటి కథనూ 2023 నాటి కథనూ పక్కపక్కన పెట్టి తేదీ వేయకపోతే రచయిత ఎదిగాడో అలిసిపోయాడో మాకెలా తెలియాలి?

నవలల సంగతి వేరు. మొదటి వంద పేజీలు రచయిత ఏళ్ల తరబడి మనసులో నానబెట్టినవి. ఇల్లు, వాకిలి, మనుషులు, వాసనలతో సహా దిగుతాయి. చివరి ముప్ఫై పేజీలు పోటీ గడువు చూసుకుని రాసినవి. ఇద్దరు చచ్చిపోతారు, ఒకరు అమెరికా వెళ్తారు, అటక మీది ట్రంకుపెట్టెలోంచి పాత ఉత్తరం ఒకటి దొరికి ముళ్లన్నీ విప్పేస్తుంది. పోటీకి పంపిన ప్రతినే అచ్చుకిచ్చేయడం వల్ల వచ్చే తిప్పలివి. బహుమతొచ్చింది కదా, ఇంకేం ముట్టుకుంటాంలే అని మీరు ఊరుకుంటారు. ముట్టుకుంటే ఒప్పుకుంటానా అని రచయిత బిగుసుకుంటాడు. గురజాడ 1897లో అచ్చయిన కన్యాశుల్కాన్ని పన్నెండేళ్లకు, 1909లో, మరో నాటకమా అన్నంతగా తిరగరాశారు. మనం చదువుతున్నదీ ఆడుతున్నదీ ఆ రెండోదే. అచ్చులో ఒకసారి వచ్చింది కాబట్టి శిలాశాసనం అని ఆయన అనుకోలేదు.

ఒక తప్పును దగ్గర నుంచి చూపిస్తాం. ఈమధ్య చదివిన ఓ నవలలో నాయిక దివిసీమ ఉప్పెన రాత్రి పుడుతుంది. ఆ ఘట్టం చదువుతుంటే ఒళ్లు జలదరిస్తుంది, అంత బాగా రాశారు. ఉప్పెన వచ్చింది 1977 నవంబరు 19న. నూటయాభై పేజీల తర్వాత మండల్ కమిషన్ గొడవల్లో, అంటే 1990 ఆగస్టు, సెప్టెంబరుల్లో, అదే పిల్ల డిగ్రీ రెండో ఏడు చదువుతూ ఊరేగింపులో నినాదాలిస్తుంటుంది. అప్పటికి ఆమెకు పదమూడేళ్లు నిండలేదు. ఇందులో రచయితను తప్పుపట్టం. నాలుగొందల పేజీలు రాసే మనిషి వేళ్లు ముడిచి లెక్కపెట్టుకుంటూ కూర్చోడు. కూర్చోవాల్సింది ఎడిటర్. అరఠావు కాగితం మీద నిలువుగా సంవత్సరాలు, అడ్డంగా పాత్రల పేర్లు రాసుకుని, అధ్యాయం చదివినప్పుడల్లా ఎవరి వయసెంతో గడిలో వేసుకుంటూ పోవడమే. నవల మొత్తానికి కలిపి ఒక పూట పని.

ఆ కాగితం పక్కన ఇంకొన్ని తేదీలు కూడా రాసి గోడకంటించుకుంటే మంచిది. నయాపైసలు వచ్చింది 1957 ఏప్రిల్ 1న. విజయనగరం జిల్లా ఏర్పడింది 1979లో, రంగారెడ్డి జిల్లా 1978లో. ఒంగోలు జిల్లాగా 1970లో పుట్టినది ప్రకాశం జిల్లా అయింది 1972లో. కోస్తా, రాయలసీమ ఊళ్లలో కరణాలూ మునసబులూ పోయింది 1984 జనవరిలో. తాలూకాలు, సమితులు పోయి మండలాలొచ్చింది 1985లో. మన దేశంలో సెల్‌ఫోన్ మోగింది 1995లో. 1972 నాటి కథలో మండలాఫీసుకు వెళ్లిన రైతును, 1965లో 'విజయనగరం జిల్లా' అని చిరునామా ఉన్న ఇన్‌లాండ్ కవరును ఈ ఏడాది చదివిన పుస్తకాల్లోనే చూశాం. దీనికి ఇంకో అంచు కూడా ఉంది. 1970లో ముసలమ్మ "నాలుగణాలియ్యి" అంటే దాన్ని తప్పని దిద్దకండి. నాణెం పోయినా నోట్లో మాట చాలాకాలం పోలేదు.

మాండలికం దగ్గరికొస్తే ఎడిటర్ లేకపోవడం ఒక నష్టం, అరకొర ఎడిటర్ ఉండటం అంతకన్నా నష్టం. తెలంగాణ నవల ఒకదాంట్లో ఒకే పేజీలో 'చేసిండు', 'చేశిండు', 'జేసిండు' మూడూ ఉన్నాయి. మొదటి రెంటిలో ఏదో ఒకటి పెట్టుకుని చివరి దాకా దాన్నే వాడాలి. మూడోది మాత్రం అన్నిచోట్లా తప్పు కాదు. వాక్యం మొదట్లో 'చేసిండు' అన్నవాడే మాట కలిసేసరికి 'పని జేసిండు' అంటాడు. అది నోటికి సహజం, పాత వ్యాకరణాలు కూడా ఒప్పుకున్న మార్పే. ఈ తేడా తెలియనివాడు ఫైండ్ అండ్ రీప్లేస్ కొట్టి అంతా ఒక్కటిగా చేస్తే పేజీలో మనిషి గొంతు పోతుంది. సీమ కథలో 'వచ్చినాడు', 'ఉండాది' అన్నవాటిని 'వచ్చాడు', 'ఉంది' చేయడం, ఉత్తరాంధ్ర కథలో 'ఎల్లిపోనాడు'ను 'వెళ్లిపోయాడు'గా దిద్దడం అలాంటి ఘనకార్యాలే. మందు ఒక్కటే. పుస్తకం మొదలుపెట్టేటప్పుడే రచయితతో కూర్చుని ఓ వంద మాటల పట్టిక రాసుకోవాలి. ఏ మాట ఎలా రాస్తున్నాం, కథ చెప్పేవాడి భాషలో ఎలా, ఏ పాత్ర నోట ఎలా అని. ఆ పట్టిక డీటీపీ చేసేవాడి బల్ల మీద ఉండాలి.

ఇంకో మాట, కాస్త కటువుగానే. కథకుడిది పుస్తకాల తెలుగు, జీతగాడిదీ పనిమనిషిదీ మాత్రమే యాస అన్న పద్ధతి ఇంకెన్నాళ్లు? డాక్టరుకూ తాసీల్దారుకూ యాస ఉండదా?

మాటలకు అర్థాలివ్వడంలో కూడా మోతాదు తప్పుతోంది. 'బువ్వ'కు, 'గోస'కు కూడా కింద అర్థం వేస్తున్నారు. మగ్గం గుంట గురించి రాసినప్పుడు 'నాడె', 'అచ్చు', 'పడుగు', 'పేక' వస్తే ఒక్క వాక్యం కూడా ఉండదు. నాడె ఏ చేతిలోంచి ఏ చేతిలోకి పోతోందో వాక్యంలోనే కనిపించేట్టు రాయిస్తే అర్థాల పట్టిక అక్కర్లేదు.

ముందుమాటల గురించి క్లుప్తంగా. నాలుగు వద్దు, ఒకటి చాలు. అందులో కథ చివర చెప్పకండి. అంతగా చెప్పాలనిపిస్తే పుస్తకం వెనక వేయండి.

నాన్ ఫిక్షన్‌కు వద్దాం. నిజం చెప్పాలంటే ఈమధ్య మమ్మల్ని ఎక్కువగా పట్టుకున్నవి నవలలు కావు. ఊళ్ల చరిత్రలు, కార్మికుల, ఉపాధ్యాయుల, ఉద్యమకారుల ఆత్మకథలు, తిండి మీద, చెరువుల మీద, చేతివృత్తుల మీద వచ్చిన పుస్తకాలు. వీటిలో సరుకు అపారం. కానీ ఆ సరుకు వాడుకోవాలంటే దారి ఉండదు.

సంవత్సరాలు చూడండి. ఒకరు శకసంవత్సరం, ఒకరు ఫసలీ (పాత రెవెన్యూ లెక్కల సంవత్సరం), ఒకరు ఉగాది పేరు వేస్తారు. శకానికి 78, నిజాం రాజ్యపు ఫసలీకి 590 కలిపితే మనకు తెలిసిన ఏడు దాదాపుగా వస్తుంది. ఆ కలిపే పని పాఠకుడికి వదలకండి, పక్కనే బ్రాకెట్లో అంకె వేయండి. 'నందన'లో కరువొచ్చింది అని ఊరుకుంటే అది 1832లోనా, అరవై ఏళ్లకు మళ్లీ వచ్చిన 1892లోనా? గుంటూరు సీమను ఊడ్చేసిన డొక్కల కరువు 1832 నాటి నందనది. 'ధాత కరువు' 1876లో మొదలైంది. సాలు పేరు కథకు రుచి, అంకె చరిత్రకు ప్రాణం. రెండూ పెట్టండి.

కొలతలకూ ఇదే. ఎకరానికి గుంటలైతే నలభై, సెంట్లయితే వంద. గుంట 121 చదరపు గజాలు, సెంటు 48.4. తెలంగాణ రైతు జీవితం రాసిన పుస్తకాన్ని నెల్లూరులో చదివేవాడికి 'పన్నెండు గుంటలు' ఎంతో తెలియదు, అటునుంచి ఇటూ అంతే. కుంచం, తూము, పుట్టి అయితే సీమసీమకూ మారతాయి. అందువల్ల ఏ ఊరి కుంచమో రాయాలి. నిజాం కాలపు జీతాలు చెప్పేటప్పుడు అవి నిజాం సొంత నాణెమైన హాలీ సిక్కాలో, బ్రిటిష్ రూపాయలో చెప్పాలి. ఏడు హాలీ రూపాయలు ఆరు బ్రిటిష్ రూపాయలకు సమానంగా చెల్లేవి. ఈ తేడా చూడక రెండు ప్రాంతాల కూలిరేట్లు పక్కపక్కన పెట్టి వాదం నడిపిన పుస్తకం ఒకటుంది. వాదం ఒప్పే కావచ్చు, లెక్క మాత్రం తప్పు.

ఇక పదసూచిక. మూడొందల పేజీల చరిత్ర పుస్తకానికి చివర పదసూచిక లేకపోతే ఆ పుస్తకం ఒకసారి చదివి పక్కన పెట్టడానికే పనికొస్తుంది. ముందుండే విషయసూచిక వేరు, చివరుండే పదసూచిక వేరు. చాలామంది మొదటిది వేసి రెండోదాని పని కూడా అయిపోయిందనుకుంటున్నారు. పేజీ అంకెలు ఖాయమయ్యాకే, ఆఖరి ప్రూఫు మీదే ఇది చేయాలి. ముందే చేస్తే ఒక్క బొమ్మ జరిపినా అంకెలన్నీ తప్పుతాయి. ఎనిమిది నుంచి పన్నెండు పేజీలు, అంటే ఒక ఫారం లోపే. మన పేర్లతో ఒక ఇబ్బంది ఉంది, దానికి ముందే నియమం పెట్టుకోవాలి. ఇంటిపేరు కింద వేస్తారా, సొంత పేరు కిందా? 'కందుకూరి వీరేశలింగం' అని 'క'లో వేస్తే 'వ'లో 'వీరేశలింగం – చూ. కందుకూరి' అని ఒక ముక్క ఉండాలి. 'శ్రీశ్రీ' దగ్గర వెతికేవాడు శ్రీరంగం శ్రీనివాసరావు దగ్గరికి చేరాలి, 'చలం' కోసం వచ్చినవాడు గుడిపాటి దగ్గరికి. ఊరి పేర్లకు జిల్లా కూడా వేయండి. తెలుగునాట కొత్తపల్లులు ఎన్నున్నాయో ఎవరు లెక్కపెట్టారు?

జీవితచరిత్రల్లో నాయకుడు పుట్టినప్పటి నుంచి పోయేదాకా ఒక్క తప్పూ చేయడు. అలాంటివి కుటుంబసభ్యులకు పంచుకోవడానికి బాగుంటాయి, మాకు అమ్మకండి.

అనువాదాల మీద కాస్త ఎక్కువసేపు కూర్చోవాలి, ఎందుకంటే ఇప్పుడు కొట్లలో అవే ఎక్కువ. ఒకప్పుడు చక్రపాణి బెంగాలీ నేర్చుకుని, ఆ భాష నవలాకారుడు శరత్‌ను నేరుగా తెలుగులోకి తెచ్చారు. ఉప్పల లక్ష్మణరావు మాస్కోలో కూర్చుని రష్యన్ నుంచి చేశారు. శరత్ తెలుగువాడే అనుకున్న పాఠకులుండేవారంటే కారణం ఆ నేరుదనమే. ఇప్పుడు మలయాళ నవలైనా, జపాన్ నవలైనా ఇంగ్లిషు మీదుగానే దిగుతోంది. దిగనివ్వండి, అన్ని భాషలూ తెలిసినవాళ్లు దొరకరు. దిగిన జాడలైనా తుడవండి అంటున్నాం.

మొదటి జాడ పేర్లు. మలయాళంలో ఉన్న ఒక 'ళ'కారపు ధ్వనిని ఇంగ్లిషులో జెడ్, హెచ్ కలిపి రాస్తారు. అది చూసి మనవాళ్లు 'కోజికోడ్', 'అలప్పుజ' అంటారు. ఆ ధ్వని తెలుగులో లేదు, ఉన్నవాటిలో దగ్గరిది 'ళ'. కోళిక్కోడ్, ఆలప్పుళ అని రాస్తే మలయాళీ కూడా గుర్తుపడతాడు. ఇలాంటి పేర్లు ఒక నవలలో నలభైకి మించి ఉండవు. ఆ భాష మాట్లాడే మనిషి ఒకరికి ఫోన్ చేసి గట్టిగా పలికించుకుంటే అరగంటలో తేలిపోతుంది.

రెండో జాడ చుట్టరికాలు. ఇంగ్లిషులో అంకుల్ అన్న ఒక్క మాటకు మనకు బాబాయి, పెదనాన్న, మామయ్య ఉన్నారు, అత్త మొగుడూ పిన్ని మొగుడూ ఉన్నారు. అనువాదకుడు నలభయ్యో పేజీలో 'బాబాయి' అని రాసి, నూటపదో పేజీలో ఆయన తల్లికి తమ్ముడని తేలాక కూడా బాబాయిగానే ఉంచేస్తాడు. నవల మొత్తం ఒకసారి చదివి, వంశవృక్షం గీసుకుని, అప్పుడు మొదటి వాక్యం రాయాలి. నువ్వు, మీరు కూడా అంతే. ఇంగ్లిషులో ఉన్నది ఒక్కటే మాట. భర్తను మొదటి అధ్యాయంలో 'మీరు' అన్న భార్య ఆరో అధ్యాయంలో 'నువ్వు' అంటే మాకు వాళ్లిద్దరి మధ్య ఏదో జరిగిందనిపిస్తుంది. మూలంలో ఏమీ జరగలేదు, అనువాదకుడు టీ తాగి వచ్చాడంతే.

మూడోది వాక్యం. 'ఎవరైతే వచ్చారో వారు', 'చేయబడింది', 'అతని యొక్క', ప్రతి నామవాచకానికీ ముందు 'ఒక'. ఎడిటర్ చేయాల్సిన పని తేలిక. ఒక పేజీలో 'యొక్క', 'బడు', 'ఏదైతే' కింద ఎర్రగీత గీయండి. ఆరు దాటితే ఆ అధ్యాయం వెనక్కి పంపండి. పేరా తీసుకుని మూలం పక్కన పెట్టకుండా గట్టిగా చదవమనండి. నోరు ఎక్కడ తడబడుతుందో అక్కడ తప్పుంది.

నాలుగోది కొత్త రోగం, యంత్రానువాదం. అనువాదకుడి పేరు వేసి యంత్రంతో చేయించి, పైపైన దువ్వి అచ్చేస్తున్నారు. అర్థశాస్త్రం పుస్తకంలో 'పెట్టుబడి' రావాల్సిన చోట 'రాజధాని' వస్తే మాకు తెలిసిపోతుంది, ఇంగ్లిషులో రెంటికీ ఒకే మాట. సిమెంటు ఫ్యాక్టరీ 'మొక్క' అయింది. నది ప్రవాహంలో 'విద్యుత్తు' పారింది. నవ్వుకున్నాం, తర్వాత రసీదు చూసుకుని ఏడ్చాం. యంత్రం వాడారో లేదో ఇంప్రింట్ పేజీలో, అంటే ముద్రణ వివరాలుండే పేజీలో, చెప్పండి. ఏ భాష నుంచి ఏ భాష మీదుగా వచ్చిందో చెప్పండి. అనువాదకుడి పేరు కవరు మీద వేయండి, ఆ మనిషికి తన పేరు పోతుందన్న భయం ఉంటేనే పని బాగుంటుంది.

అచ్చుతప్పుల దగ్గర మా ఓపిక తక్కువ, అందుకని ఒక్క అక్షరం మీదే నిలబడతాం. ద, ధ, థ మూడింటికీ ఒళ్లు ఒకటే. ధకు కింద గీత, థకు గీతతో పాటు పొట్టలో చుక్క. పది పాయింట్ల అక్షరంలో, చవక కాగితం మీద ఆ చుక్క సిరాలో మునిగిపోతుంది. దాంతో ప్రూఫు చూసేవాడికీ అలవాటు తప్పిపోయి కథ 'కధ' అయింది, ప్రాథమిక 'ప్రాధమిక' అయింది, వ్యథ 'వ్యధ' అయింది. ఒక పుస్తకంలో ఎవరో మంచిమనసుతో 'అర్ధం' అని ఉన్నవన్నీ 'అర్థం'గా మార్చమని కంప్యూటరుకు ఒకేసారి ఆజ్ఞ ఇచ్చారు. అర్థాలన్నీ బాగుపడ్డాయి. అర్ధరాత్రులన్నీ 'అర్థరాత్రులు', అర్ధాంగి 'అర్థాంగి', అర్ధనారీశ్వరుడు 'అర్థనారీశ్వరుడు' అయిపోయారు. తెలుగులో అన్నీ మార్చు అనే బొత్తాం నొక్కకూడదు. ఒక్కొక్కటీ చూసి మార్చు అనే బొత్తామే నొక్కాలి.

యూనికోడ్ కాని పాత 'అను' ఫాంట్ల ఫైలును యూనికోడ్‌లోకి మార్చినప్పుడు ముందుగా వెతకాల్సిన చోట్లు కొన్ని ఉన్నాయి. 'స్త్రీ', 'రాష్ట్రం' లాంటి జంట ఒత్తుల మాటలు. ఋ, ఱ. విసర్గ బదులు కోలన్ పడిన 'దు:ఖం', కంటికి రెండూ ఒకటే, వెతికితే మాత్రం దొరకదు. సున్నా బదులు ఇంగ్లిషు ఓ పడిన చోట్లూ అంతే. ఇక 'సాఫ్ట్‌వేర్' మీ పుస్తకాల్లో 'సాఫ్ట్వేర్' అయి, వకారం టకారం కిందికి ఎందుకు జారుతోందంటే, మధ్యలో కనిపించని ఒక అక్షరం పడలేదు కాబట్టి. జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. మీ కీబోర్డులో అది ఏ మీటలో ఉందో ఆపరేటరుకు చూపించండి.

ప్రూఫు మూడుసార్లు చూడాలని మీకు మేం చెప్పాలా? చెప్పాల్సి వస్తోంది. మొదటిది ఇద్దరు కలిసి, ఒకరు రాతప్రతి గట్టిగా చదువుతుంటే ఒకరు ప్రూఫు మీద వేలు పెట్టి చూడాలి. ఎగిరిపోయిన పేరాలు దొరికేది ఇక్కడే. రెండోది, మొదట దిద్దినవి పడ్డాయా లేదా అని. దిద్దిన లైను ఒక్కటే చూస్తే చాలదు, పైలైనూ కిందలైనూ చూడాలి, ఎందుకంటే మాట పొడుగైతే పేరా మొత్తం జరిగి కొత్త విరుపులొస్తాయి. మూడోది చదవడానికి కాదు, చూడటానికి. పేజీ అంకెలు, అధ్యాయం పేర్లు, పేజీ తలన ఒంటరిగా పడ్డ ఆఖరి లైను. రచయిత చేతే ప్రూఫు చూపించి సరిపెట్టకండి, తను రాసింది తనకు కంఠతా వచ్చు కాబట్టి కన్ను తప్పు మీద ఆగదు. 208 పేజీల పుస్తకానికి గంటకు పది పేజీల చొప్పున ఒక విడతకు ఇరవై గంటలు. సంధి కలిసి, విభక్తి అతుక్కుని ఒక్క మాట వంద వేషాలేసే భాషకు నమ్మదగ్గ స్పెల్ చెకర్ మా కంటికి ఇంకా కనబడలేదు. ఆ ఇరవై గంటలూ మనిషే కూర్చోవాలి. ఆ మనిషికి డబ్బివ్వాలి, భోజనం పెట్టి పంపడం కాదు.

పుస్తకం ఒళ్లు గురించి నాలుగు ముక్కలు. తెలుగు అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు ఉంటాయి కాబట్టి ఇంగ్లిషు పుస్తకం కొలతలు పనికిరావు. పన్నెండు పాయింట్ల అక్షరానికి లైనుకూ లైనుకూ పద్దెనిమిది పాయింట్ల దూరం ఉండాలి. పదిహేనుకు కుదిస్తే పైలైను ఒత్తు కిందిలైను గుడిలో గుచ్చుకుంటుంది. పర్ఫెక్ట్ బైండింగ్‌లో వీపు రెండు, మూడు మిల్లీమీటర్లు చెక్కేసి జిగురు పూస్తారు. అది లెక్కలో పెట్టుకుని లోపలి మార్జిన్ కనీసం 20 మిల్లీమీటర్లు వదలండి, మూడొందల పేజీలు దాటితే ఇంకో మూడు కలపండి. లేకపోతే లైను చివరి అక్షరాల కోసం పుస్తకాన్ని విరిచి పట్టుకోవాలి, విరిస్తే జిగురు పగిలి ఆకులు ఊడతాయి. 320 పేజీలు దాటినదానికి సెక్షన్ కుట్టు (మడిచిన ఫారాలను దారంతో కుట్టేది) వేయించండి. బట్టకున్నట్టే కాగితానికీ పోగు ఉంటుంది, ప్రెస్సువాళ్లు గ్రెయిన్ అంటారు. అది వీపుకు సమాంతరంగా ఉంటే పుస్తకం ఒదిగి తెరుచుకుంటుంది, అడ్డంగా ఉంటే తెరిచిన పేజీ పళ్లెంలో అప్పడంలా లేస్తుంది. షీటు చింపి చూస్తే తెలుస్తుంది. పోగు వెంట నిటారుగా చినుగుతుంది, అడ్డంగా అయితే వంకరలు పోతుంది.

కాగితం బరువు తపాలా ఖర్చుకు కూడా ముడిపడింది. రిజిస్టర్డ్ బుక్ పోస్టు 2024 డిసెంబరులో ఆగిపోయింది. 2025 మే 1న తపాలాశాఖ వారి పుస్తకాల పార్సిల్ సేవ జ్ఞాన్ పోస్ట్ మొదలైనప్పుడు 300 గ్రాముల దాకా 20 రూపాయలు, 5 కిలోలకు 100 రూపాయలు పెట్టారు, పన్ను అదనం. డెమ్మీ సైజులో 208 పేజీలు 70 జీఎస్ఎమ్ (చదరపు మీటరు 70 గ్రాములు తూగే) కాగితం మీద వేస్తే కవరుతో కలిపి 240 గ్రాముల దరిదాపులో ఉంటుంది, ప్యాకింగుతో సహా మొదటి మెట్టులో ఇముడుతుంది. అదే 80 మీద వేస్తే 270 దాకా వెళ్లి, అట్టపెట్టె చుట్టగానే మెట్టు దాటే ప్రమాదముంది. ఊళ్లలో పుస్తకాల కొట్లు లేని మాలాంటి వాళ్లకు ఈ ముప్ఫై గ్రాములు లెక్కే.

పాత పుస్తకాల పునర్ముద్రణలూ చూస్తున్నాం. రచయిత పోయిన ఏడు ముగిశాక అరవై ఏళ్లకు హక్కులు తీరతాయి. గోపీచంద్ 1962లో పోయారు, ఆయన రచనలు 2023 నుంచి ఎవరైనా వేయొచ్చు. వేయండి, చవకగా దొరికితే మాకే మేలు. కానీ ఏ ముద్రణ చూసి కంపోజు చేశారో ఒక్క లైను రాయండి. పాతదాంట్లో ఎగిరిన పేరా కొత్తదాంట్లోనూ ఎగురుతూ, అలాగే తరాలు దాటిపోతోంది. పాత రచయిత భాషను 'సరిదిద్దకండి'.

ధర గురించి మేం గొడవ చేయం. కొట్టువాళ్లకు కమీషను 30, 40 శాతం పోతుందనీ, ఐదొందల ప్రతులకు మించి వేయలేకపోతున్నారనీ తెలుసు. 200 రూపాయల పుస్తకానికి 230 పెట్టి, ఆ ముప్ఫై ఎడిటరుకూ ప్రూఫ్ రీడరుకూ ఇవ్వండి. ఐదొందల ప్రతులకు పదిహేను వేలు. కమీషను పోగా తొమ్మిది వేలు మిగిలినా, ఇరవై గంటల చొప్పున మూడు విడతలు కూర్చునేవాడికి గంటకు నూటయాభై పడుతుంది. ఇప్పుడు ఇస్తున్నదెంతో మీకే తెలుసు. ఎడిటరు వాటాకు ఇంకో ఇరవై పెంచినా కొంటాం.

ఈ డిసెంబరు నుంచి ఒక్క పని చేయండి. ఇంప్రింట్ పేజీలో కవర్ డిజైన్ ఎవరిదో, డీటీపీ ఎక్కడో, ప్రెస్సు ఏదో వేస్తున్నారు కదా. వాటి పైన రెండు లైన్లు చేర్చండి. ఎడిటర్: ఫలానా. ప్రూఫ్: ఫలానా. స్టాల్ దగ్గర పుస్తకం చేతిలోకి తీసుకోగానే మేము తిప్పేది ఆ పేజీయే. ఆ లైన్లు ఖాళీగా ఉన్న పుస్తకాన్ని తిరిగి బల్ల మీద పెట్టేస్తాం.

ఇట్లు,
కొని చదివే కొందరు